కోట, పార్కు, మా సోమశిల

మొన్న డిసెంబర్‌లో మా నాయిన సింగపూర్ వచ్చాడు. మూడేళ్ళ నుంచి పిలుస్తున్నా "పంట ఉంది, పెళ్ళి ఉంది, మోకాలు నొప్పి ఉంది" అని తప్పించుకుంటూ వచ్చి, చివరికి మా అమ్మ పోరు పడలేక విమానం ఎక్కాడు. ఊర్నించి వచ్చినవాళ్ళకి ఇక్కడి తెలుగువాళ్ళం ఏం చూపిస్తామో మీకు తెలిసిందే కదా. మెరీనా బే, సెంటోసా, లిటిల్ ఇండియాలో భోజనం, ముస్తఫాలో షాపింగు. అన్నీ చూశాడు. "బాగుంది" అన్నాడు. మా నాయిన ముక్తసరిగా "బాగుంది" అన్నాడంటే ఏమీ బాలేదని అర్థం.

ఆఖరికి ఒక ఆదివారం పొద్దున, నేను వారానికి మూడు రోజులు పరిగెత్తే ఫోర్ట్ కానింగ్ పార్కుకి తీసుకెళ్ళాను. క్లార్క్ కీ పక్కనే ఉంటుంది, మీలో చాలామంది ఆఫీసు కిటికీలోంచి కనిపించే పచ్చటి గుట్ట అదే. "ఇది కోట నాయినా, సముద్రం మీంచి ఎవరైనా వస్తే కొట్టడానికి ఫిరంగులు పెట్టి కట్టారు" అని గైడు లెవెల్లో చెప్పుకుంటూ మెట్లెక్కించాను. పైకెళ్ళాక ఆయన నడుం మీద చేతులు పెట్టుకుని చుట్టూ చూశాడు. పెద్ద పెద్ద చెట్లు, కత్తిరించిన గడ్డి, యోగా చేసుకుంటున్న ఆడవాళ్ళు, పెళ్ళి ఫొటోలు దిగుతున్న జంట.

"కోట ఏడుందిరా?" అన్నాడు.

నా దగ్గర జవాబు లేదు. ఉన్నది ఒక గేటు. తెల్లటి సున్నం పూసిన గోడలో పెద్ద తలుపులున్న దర్వాజా ఒకటి, దాని పక్కన కొంచెం గోడ, రెండు ఫిరంగులు. గద్వాల కోటని చిన్నప్పట్నించి చూసిన మనిషికి దీన్ని కోట అని అమ్మడం కష్టం. మూడేళ్ళుగా ఆ దర్వాజా పక్కనుంచే చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని పరిగెత్తాను కానీ, మిగతా కోట ఏమైందని నాకు ఒక్కసారి కూడా అనుమానం రాలేదు. ఆయనకి నిమిషంలో వచ్చింది. సిగ్గేసి, ఆ రోజు అక్కడున్న బోర్డులన్నీ చదివాను, తర్వాత వారం రోజులు రాత్రిళ్ళు కూర్చుని దొరికినంత చదివాను. ఈ రాసేది ఆ చదువు ఫలితమే. చివరికి అది తిరిగి తిరిగి మా కొల్లాపూర్ కృష్ణ ఒడ్డుకే ఎందుకు చేరిందో మీకే తెలుస్తుంది.

ఆ గుట్టకి మలయా భాషలో పాత పేరు బుకిత్ లరంగన్, అంటే నిషిద్ధ పర్వతం. 14వ శతాబ్దంలో అక్కడ రాజుల భవనాలుండేవి. అందుకే మామూలు జనం ఎక్కకూడదు. రాఫెల్స్ 1819లో దిగేనాటికి రాజులూ లేరు, భవనాలూ లేవు, కానీ ఆ భయం మాత్రం ఉంది. ఊళ్ళో వాళ్ళు పైకెళ్ళడానికి జంకేవారట. 1822లో జాన్ క్రాఫర్డ్ అనే దొర ఎక్కి చూసి, ఇటుక పునాదులూ, పాత గోడా, ఎవరూ చూడకుండా పెరిగిన పళ్ళ చెట్లూ ఉన్నాయని రాసుకున్నాడు. అదే కాలంలో రాఫెల్స్ ఆ గుట్ట మీదే తనకో బంగళా కట్టించుకున్నాడు. ఒక వాలులో క్రైస్తవుల శ్మశానం మొదలుపెట్టారు, 1865 దాకా నడిచింది. అంటే పాత రాజుకి నిషిద్ధం పోయి కొత్త దొరకి నివాసం అయింది. మామూలు జనానికి మాత్రం పెద్ద తేడా రాలేదు :)

కోట కట్టింది 1859లో మొదలుపెట్టి 1861 నాటికి. ఇక్కడే అసలు సంగతి ఉంది. ఆ తేదీ చూడగానే మనవాళ్ళకి బల్బు వెలగాలి. అప్పుడు సింగపూర్ పాలన కలకత్తా నుంచి జరిగేది, 1867 దాకా అంతే. 1857 తిరుగుబాటు జరిగి రెండేళ్ళయింది. కోటకి పెట్టిన పేరు ఎవరిది? లార్డ్ కానింగ్. తిరుగుబాటు నాటి మన గవర్నర్ జనరల్, మన మొదటి వైస్రాయ్. మనం స్కూల్లో మార్కుల కోసం బట్టీ పట్టిన ఆ కానింగే. ఆయన పేరు మీద నేను ఇన్నాళ్ళూ కాలరీలు తగలేస్తున్నానన్న మాట.

పుస్తకాల్లో దీన్ని ఓడరేవు రక్షణ కోసం కట్టారనే ఉంటుంది. కానీ అప్పటివాళ్ళే దీని మీద చేసిన విమర్శ ఒకటుంది. ఆ ఫిరంగుల గుళ్ళు దూరంగా ఉన్న శత్రు నౌకల దాకా పోవు, శత్రువు తిరిగి కాలిస్తే ఆ గుళ్ళు కోట మీద కాదు, మధ్యలో ఉన్న ఊరి మీద పడతాయి. మరి కోట ఎందుకు? ఇంకో అవసరం ఉంది కనక. 1854లో చైనావాళ్ళ మధ్య పెద్ద అల్లర్లు జరిగాయి. ఊళ్ళో మద్రాసు, బెంగాల్ నుంచి తెచ్చిన ఇండియా ఖైదీలు పెద్ద సంఖ్యలో ఉన్నారు, 1857లో వాళ్ళు తిరగబడతారని పుకార్లు కూడా లేచాయి. ఊరు తిరగబడితే తెల్లవాళ్ళు పిల్లాజెల్లాతో పారిపోయి తలదాచుకోడానికి ఒక చోటు కావాలి. ఆ చోటు ఇది. కాబట్టి సముద్రం వైపు చూస్తున్నట్టున్న ఆ ఫిరంగులకి ఊరు కూడా గురిలోనే ఉండేది. తమాషా ఏంటంటే, ఆ కాలంలో సింగపూర్‌కి కాపలా కాసిందీ మనవాళ్ళే. మద్రాసు నేటివ్ ఇన్‌ఫాంట్రీ పటాలాలు వంతులవారీగా వచ్చి పోతుండేవి, మద్రాసు సైన్యంలో తెలుగువాళ్ళు తక్కువేం కాదు. ఖైదీలూ ఇండియావాళ్ళే, కాపలావాళ్ళూ ఇండియావాళ్ళే. కోట నుంచి నడిచి వెళ్ళే దూరంలో సెయింట్ ఆండ్రూస్ చర్చి ఉంది చూడండి, దాన్ని కట్టింది ఆ ఖైదీలే. లోపలి గోడలకి పూసింది మన మద్రాసు సున్నం, అందులో కోడిగుడ్డు తెల్లసొన, బెల్లం కలిపారు. సిటీ హాల్ స్టేషన్లో దిగే తెలుగు ఇంజనీర్లలో ఎంతమందికి ఇది తెలుసో, నాకైతే తెలీదు.

ఆ కోట ఒక్క యుద్ధం కూడా చెయ్యలేదు. వేళ చెప్పడానికి ఫిరంగి పేల్చేవాళ్ళు, జెండా కర్ర మీద ఏ ఓడ వచ్చిందో సిగ్నల్ ఎగరేసేవాళ్ళు. లక్షలు పోసి కట్టిన సిస్టమ్‌ని చివరికి గడియారంలా వాడుకున్నారు. ఇలాంటి ప్రాజెక్టులు మన దగ్గర కూడా బోలెడు. 1907లో కూలగొట్టడం మొదలుపెట్టారు. 1920లలో గుట్ట పైభాగం తవ్వేసి, ఊరికి మంచినీళ్ళు ఇవ్వడానికి పైన కప్పు వేసిన రిజర్వాయర్ కట్టారు. తవ్వుతున్న కూలీలకి 14వ శతాబ్దపు బంగారు నగలు దొరికాయి, జావా పనితనం ఉన్న దండకడియం, ఉంగరాలు. ఇప్పుడు గుట్ట కిందే ఉన్న నేషనల్ మ్యూజియంలో పెట్టారు. నిషిద్ధ పర్వతం కథ ఉత్త కట్టుకథ కాదని చెప్పడానికి అదొక సాక్ష్యం. 1984లో జాన్ మిక్సిక్ అనే ఆయన పద్ధతిగా తవ్వకాలు మొదలుపెట్టాక మిగతా సాక్ష్యాలు దొరికాయి.

మధ్యలో రెండో ప్రపంచ యుద్ధం కథ ఒకటుంది. గుట్ట లోపల కట్టిన బంకర్లో 1942 ఫిబ్రవరి 15న పెర్సివల్ మిగతా అధికారులతో కూర్చుని జపాన్‌కి లొంగిపోదామని తేల్చుకున్నాడు. దాని గురించి సినిమాలూ పుస్తకాలూ చాలా ఉన్నాయి కాబట్టి నేను వదిలేస్తున్నా.

సైన్యాలు వెళ్ళిపోయాక 1972లో పక్కనున్న పార్కుతో కలిపి సెంట్రల్ పార్క్ అన్నారు. 1981 నవంబర్ 1న లీ క్వాన్ యూ వచ్చి ఒక పళ్ళ మొక్క నాటి, ఫోర్ట్ కానింగ్ పార్క్ అని పేరు మార్చాడు.

1981.

ఆ అంకె దగ్గర నేను ఆగిపోయాను. మా ఇంట్లో ఆ సంవత్సరానికి వేరే అర్థం ఉంది.

ఆ ఆదివారం దగ్గరికి మళ్ళీ వస్తాను. గుట్ట మీద కంచె వేసి ఉన్న పెద్ద గడ్డిమైదానం చూపించి, దీని కింద రిజర్వాయర్ ఉంది, కోటలో చాలా భాగం దీని కోసమే పోయింది అని బోర్డు చదివి చెప్పాను. మా నాయిన కంచె పట్టుకుని కాసేపు చూశాడు. "అంటే నీళ్ళ కోసం తీసేసిండ్రు. మనూరు లెక్కనే" అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు. పది నిమిషాలయ్యాక మాత్రం అడిగాడు, "ఈడ ఎవలన్న ఉంటుండెనా, తీసేసేటప్పుడు?"

ఆ గుట్ట మీద సైనికులే ఉన్నారు కాబట్టి రిజర్వాయర్ కోసం ఊరు లేపలేదు. కానీ ఆ గుట్ట కిందనే, నది ఒడ్డున, టెమెంగాంగ్ అనే మలయా ప్రభువు మనుషుల ఊరు ఉండేది. వ్యాపారానికి ఆ స్థలం కావాలని రాఫెల్స్ 1823లో వాళ్ళని తెలోక్ బ్లాంగా వైపు పంపించేశాడు. అంటే సింగపూర్‌లోనూ లెక్క అంత శుభ్రంగా లేదు. ఈ విషయం ఆ రోజు నాకు తెలీదు. "లేదు నాయినా" అని చెప్పేశాను.

ఇక మా వైపు.

సోమశిల అంటే చాలామందికి నెల్లూరు జిల్లాలో పెన్న మీదున్న సోమశిల ప్రాజెక్టు గుర్తొస్తుంది. అది వేరు. మాది కొల్లాపూర్ దగ్గరి సోమశిల, కృష్ణ ఒడ్డున. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా. ఇప్పుడు హైదరాబాద్ నుంచి వీకెండ్‌కి కార్లేసుకుని వస్తున్నారు. టూరిజం వాళ్ళ కాటేజీలున్నాయి, శ్రీశైలానికి లాంచీ ఉంది, డ్రోన్ వీడియోల్లో "మినీ మాల్దీవ్స్" అంటున్నారు. నేను మాల్దీవ్స్ చూడలేదు కాబట్టి కాదనలేను. ఫొటోల్లో మాత్రం నీలంగా, ఎదురుగా నల్లమల గుట్టలతో, సముద్రంలాగే ఉంటుంది. సింగపూర్‌లో ఉల్టా. బీచ్ రోడ్ అని ఉంటుంది, అక్కడ బీచ్ ఉండదు, సముద్రాన్ని పూడ్చుకుంటూ ఎక్కడికో తోసేశారు. మా దగ్గర లేని సముద్రం 1981లో వచ్చి కూర్చుంది.

అది శ్రీశైలం డ్యామ్ నీళ్ళు. 1963లో నెహ్రూ శంకుస్థాపన చేశారు. మొదట కరెంటు కోసమే అనుకున్న ప్రాజెక్టు. నిండు మట్టం 885 అడుగులు, మొదటి లెక్కలో 308 టీఎంసీలు. పూడిక పేరుకుని ఇప్పుడు 215 అంటున్నారు. ఆ నీళ్ళ కింద కృష్ణ, తుంగభద్రల ఒడ్డుల్లో అటు కర్నూలు, ఇటు మహబూబ్‌నగర్ జిల్లాల్లో వంద పైచిలుకు ఊళ్ళు పోయాయి. లక్షకు పైగా జనం లేచిపోవాల్సి వచ్చింది. 1981 వేసవిలో, వానలు పడి నీళ్ళు పెరిగేలోపల, చాలా ఊళ్ళలో ఇళ్ళు కూల్చి మరీ ఖాళీ చేయించారు. మా నాయినకి అప్పుడు పదేళ్ళు.

ఇంతవరకూ ఇది మన దేశంలో ఏ డ్యామ్ కథ తీసుకున్నా ఉండేదే. నన్ను పట్టుకుని వదలనిది ఇంకొకటి. అదే ఏళ్ళలో, అవే ఊళ్ళలో, ఒక అద్భుతమైన ఇంజనీరింగ్ పని జరిగింది. గుళ్ళని తరలించారు. ఉత్తినే విగ్రహాలు తీసుకెళ్ళడం కాదు. ఒక్కో రాయికీ నంబరు వేసి, డ్రాయింగులు గీసి, పైనుంచి కిందకి వరసగా విప్పి, బండ్ల మీద ఎత్తైన చోటుకి చేర్చి, కింద నుంచి పైకి అదే వరసలో మళ్ళీ పేర్చారు. సోమశిల లలితా సోమేశ్వర ఆలయాల గుంపు అలా పైకొచ్చిందే. జటప్రోలు మదనగోపాలస్వామి గుడి అలా వచ్చిందే. మంచాలకట్టలో సురభి రాజులు కట్టించిన మాధవస్వామి గుడి ఇప్పుడు కొల్లాపూర్‌లో ఉంది. కృష్ణా తుంగభద్రలు కలిసే చోట చాళుక్యుల కాలం నుంచి ఉన్న కూడవెల్లి సంగమేశ్వరం అలంపురానికి మారింది. అవతలి ఒడ్డు నుంచి రూపాల సంగమేశ్వర ఆలయం కర్నూలు పక్కన జగన్నాథగట్టు ఎక్కింది.

నేను చదువుకున్నది ఇంజనీరింగే కాబట్టి ఈ పనిని తక్కువ చెయ్యలేను. కంప్యూటర్లు లేవు, లేజర్ స్కాన్లు లేవు. సున్నం లేకుండా ఒకదాని మీద ఒకటి కూర్చున్న రాళ్ళు, ఒక్కటి తారుమారైతే పై వరసంతా కుదరదు. ఈజిప్టులో అస్వాన్ డ్యామ్ కోసం 1964-68 మధ్య అబూ సింబెల్ గుడిని కోసి 65 మీటర్లు పైకి జరిపారని ప్రపంచమంతా పాఠాలు చెప్పుకుంటారు. మనవాళ్ళు అంతకుముందే నాగార్జునకొండలో ఆ విద్య మొదలుపెట్టారు, శ్రీశైలంలో ఇంకా విస్తారంగా చేశారు. జటప్రోలు గుడి చుట్టూ తిరిగి చూడండి, ఎక్కడ అతికారో పట్టుకోవడం నా వల్ల కాలేదు.

అయితే ఆ గుడి ముందు నిలబడి నాకొచ్చిన ఆలోచన ఇది. మనం మైగ్రేషన్ ప్రాజెక్టులు చేస్తాం కదా. పాత సర్వర్ మూసేసేముందు ప్రతి టేబుల్, ప్రతి రో లెక్కపెట్టి, చెక్‌సమ్ చూసుకుని కొత్తదానికి మారుస్తాం. ఇక్కడ రాళ్ళకి ఆ మర్యాద దొరికింది. ఏ రాయి ఎక్కడిదో, ఎక్కడికెళ్ళిందో, ఏ రాయి పక్కన ఏ రాయి కూర్చోవాలో రాసుకున్నారు. యూజర్లని మాత్రం ఎవరి దారి వాళ్ళని చూసుకోమన్నారు. ఒక వాడలో పక్కపక్కనున్న ఇళ్ళవాళ్ళు మళ్ళీ పక్కపక్కనే ఉండాలని ఎవరూ డ్రాయింగు గియ్యలేదు. కొందరు పైన కట్టుకున్న కొత్త ఊళ్ళకి, కొందరు కొల్లాపూర్‌కి, కొందరు పాలమూరు లేబర్‌గా ఎక్కడెక్కడికో. ముంపు కుటుంబానికో ఉద్యోగం అని 1986లో జీవో 98 వచ్చింది. ఆ నంబరు మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. ఎందుకంటే దాని కోసం తాతలు అర్జీలు పెట్టారు, తండ్రులు ధర్నాలు చేశారు.

గుళ్ళని కాపాడ్డం తప్పనడం లేదు నేను. వాటిని మునగనిస్తే ఇంకా బాధపడేవాణ్ణి. మా అవ్వ కూడా అంతే, దేవుడు పైకొచ్చినందుకు సంతోషపడింది. "దేవునికి ముందుగాల జాగ దొరికింది, మాకు ఆఖర్న దొరికింది" అని మాత్రం అంటుంది, నవ్వుతూనే.

పార్కు అవ్వడం అనే మాటకొస్తే, పాత రాజుల కట్టడాలు జనానికి దక్కడం మా ప్రాంతంలో కొత్తేం కాదు, సింగపూర్ నుంచి నేర్చుకోవాల్సిన పని లేదు. గద్వాల కోట తీసుకోండి. 18వ శతాబ్దం మొదట్లో పెద్ద సోమభూపాలుడు, మా వైపు సోమనాద్రి అంటారు, కట్టించిన కోట. పండితులకి సభలు జరిపి సన్మానాలు చేసిన సంస్థానం కాబట్టి విద్వద్గద్వాల అని పేరు. ఇప్పుడు ఆ కోటలో చెన్నకేశవస్వామి గుడి ఉంది, మహారాణి ఆదిలక్ష్మీదేవమ్మ పేరు మీద డిగ్రీ కాలేజీ ఉంది. మా మేనమామ అక్కడే బీకాం చదివాడు. బురుజు నీడలో కూర్చుని అకౌంట్స్ బట్టీ పట్టానంటాడు. వనపర్తి రాజుగారి ప్యాలెస్‌లో 1959 నుంచి పాలిటెక్నిక్ నడుస్తోంది, నెహ్రూ వచ్చి ప్రారంభించారు. మా బాబాయ్ కొడుకు అక్కడ డిప్లొమా చేసి "నేను మహల్లో చదివినోణ్ణి" అని ఇప్పటికీ గొప్పలు పోతాడు. నాకు ప్రైవేటు కాలేజీలో రేకుల షెడ్డు వర్క్‌షాపు దొరికింది, కాబట్టి ఒప్పుకోక తప్పదు. గోడలు కూలుతున్నాయి, కందకాలు పూడుతున్నాయి, సున్నం వేసే దిక్కు లేదు, అన్నీ నిజమే. అయినా ఆ కోటల్లోకి పాలమూరు రైతుల పిల్లలు పుస్తకాలు పట్టుకుని పోయారు. కోట పార్కు అవ్వడం కంటే కాలేజీ అవ్వడం మెరుగని నా అభిప్రాయం. మీరు ఒప్పుకోకపోయినా ఫర్లేదు.

సోమశిల తీరం మాత్రం ఆ లెక్కలోకి రాదు. అది ఒకరి కోట కాదు, అందరి ఊరు. అదే ఇప్పుడు విహారస్థలం అయింది. అక్కడ వచ్చే తేడా నాకు ఫోర్ట్ కానింగ్ బోర్డులు చదివాకే అర్థమైంది. ఆ పార్కులో వాళ్ళకి గొప్పగా లేని సంగతులు కూడా రాసి పెట్టారు. పనికిరాని కోట కట్టాం, కూలగొట్టాం, ఈ బంకర్లోంచే లొంగిపోయాం అని. శ్మశానం తీసేసినప్పుడు సమాధి రాళ్ళని పారెయ్యకుండా చుట్టూ ఇటుక గోడల్లో పొదిగారు. పచ్చగడ్డి మీద కచేరీ జరుగుతుంటే పక్కనే గోడలో, 1840ల్లో జ్వరమొచ్చి పోయిన ఏ పసిబిడ్డ పేరో కనిపిస్తుంది. మా సోమశిలలో పుష్కర ఘాట్ ఉంది, 2016లో బ్రహ్మాండంగా జరిగాయి. లాంచీ టికెట్ రేట్ల బోర్డు ఉంది. గుడి చరిత్ర ఉంది. మునిగిన ఊళ్ళ పేర్లు వరసగా రాసిన పలక ఒకటైనా ఉంటుందేమోనని పోయిన సంక్రాంతికి వెళ్ళినప్పుడు వెతికాను. నా కంటికి కనపడలేదు. లాంచీలో పక్కన కూర్చున్న హైదరాబాద్ కుర్రాడు, మన ఫీల్డే, "ఈ చెరువు ఎంత లోతుంటుంది బ్రో?" అని అడిగాడు. తప్పు అతనిది కాదు. ఎవరు చెప్పారు గనక?

2007 సంగతి కూడా అలాగే జారిపోతోంది. డ్యామ్ రాకముందు అవతలి ఒడ్డు పుట్టి వేసుకుని దాటే దూరం. నీళ్ళు నిలిచాక అది మైళ్ళ వెడల్పయింది, కానీ చుట్టాలూ సంతలూ కూలిపనులూ అటే ఉన్నాయి. జనవరి 18న కొల్లాపూర్ వైపు నుంచి నెహ్రూనగర్ వైపు దాటుతున్న పడవ మునిగి 61 మంది పోయారు. వంతెన కావాలని అప్పట్నించీ అడుగుతుంటే, 2022లో సోమశిల-సిద్ధేశ్వరం మధ్య తీగల వంతెనకి కేంద్రం వెయ్యి కోట్ల పైన మంజూరు చేసింది. దాని డిజైన్ బొమ్మ వాట్సాప్‌లో చూశాను, చాలా బాగుంది. మధ్యలో అద్దం నడకదారి కూడా ఉంది, సెల్ఫీలకి.

మా నాయిన ఈ విషయాల మీద నాలాగా ఆవేశపడడు. ఆయనకి ఒక పద్ధతి ఉంది. రోజూ పొద్దున పేపర్లో ప్రాజెక్టుల నీటిమట్టాలు చూస్తాడు. నేను షేర్ల ధరలు చూసినట్టు. ఎండాకాలం శ్రీశైలం మట్టం 840 అడుగుల చుట్టుపక్కలకి దిగిందంటే అవతల సంగమేశ్వరం బయటపడుతుంది, వేప మొద్దు శివలింగం చూడ్డానికి జనం పోతారు. అదే రోజుల్లో మా వైపు ఒడ్డున బురద ఎండి, కొన్ని ఊళ్ళ గోడల మొదళ్ళు, బావుల ఒరలు తేలతాయి. నాకు ఎనిమిదేళ్ళప్పుడు నన్ను ఒకసారి తీసుకెళ్ళాడు. పగుళ్ళిచ్చిన ఒండ్రు మీద నడుచుకుంటూ పోయి, నాకు అన్నీ ఒకేలా కనపడే రాళ్ళ మధ్య ఒక చోట ఆగి, "ఇది కొట్టం. ఇది వాకిలి. ఈడ మీ తాత మంచమేసుకుంటుండె" అని కాలితో గీత గీసి చూపించాడు. నేను దాహమేస్తోందని ఏడ్చానట. నాకు అది గుర్తుంది కానీ గీతలు గుర్తు లేవు. ఇప్పుడు అడిగితే మళ్ళీ గీస్తాడు. ఇంకో ఇరవై ఏళ్ళ తర్వాత ఎవరు గీస్తారు? నేను ఫోన్లో జీపీఎస్ పాయింట్లు పెట్టుకోవాలని ప్రతి వేసవికీ అనుకుంటా, ప్రతి వేసవికీ ఏదో రిలీజు ఉంటుంది. ఈసారి సెలవు పెట్టేశాను, ఏప్రిల్ రెండో వారం. మా కజిన్లు ఇద్దరు కూడా వస్తామన్నారు. సర్వే చదివిన వనపర్తి మహల్ గాడు ఎలాగూ ఉన్నాడు.

ఫోర్ట్ కానింగ్ నుంచి దిగేటప్పుడు మా నాయిన మళ్ళీ ఆ గేటు దగ్గర ఆగాడు. తలుపు చెక్క మీద తట్టి చూశాడు, మేకులు లెక్కపెట్టాడు. ఊరు ఖాళీ చేసినప్పుడు మా తాత బండి మీద తెచ్చింది గింజలూ, రెండు దూలాలూ, ఇంటి దర్వాజా. మిగతా ఇల్లంతా అక్కడే వదిలేశారు. కొత్తూళ్ళో మొదట గుడిసె వేసి దానికే ఆ టేకు దర్వాజా బిగించారట, చూసినవాళ్ళు నవ్వేవాళ్ళట. ఇప్పుడు మా స్లాబు ఇంటికీ అదే ఉంది, అవ్వ మార్చనివ్వదు. ఆ ట్రిప్పు మొత్తంలో మా నాయిన తనంతట తాను "ఫొటో తియ్యి" అన్నది ఆ గేటు ముందే. మెరీనా బే ముందు కూడా అడగలేదు.

ఫొటో ఫ్యామిలీ గ్రూపులో పెట్టాను. సాయంత్రానికి అవ్వ దగ్గర్నుంచి వాయిస్ మెసేజ్ వచ్చింది, చెల్లెలు రికార్డు చేసి పంపింది.

"మంచిగుంది బిడ్డా. ఎవలింటి దర్వాజా అది? ఇల్లేదీ?"